శ్లాబ్ రోజున సూపర్‌వైజర్ కన్ను ఎక్కడుండాలి?

శ్రీకాకుళంలో శ్లాబ్ అంటే నాగావళి ఇసకతోనే పని మొదలు. గాజు గ్లాసులో సగం ఇసక పోసి, నీళ్లు నింపి, బాగా కలిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన ఒండ్రు ఇసక ఎత్తులో 8 శాతం దాటితే లోడు తిప్పి పంపేయండి.

ఎం20 రకం కాంక్రీటుకి సిమెంటు బస్తాకు 25–27 లీటర్ల నీళ్లు చాలు. వానకు తడిసిన ఇసకైతే ఇంకా తగ్గించాలి. జారుడుగా ఉంటే పని తేలికని కూలీలు మగ్గుతో మరికాస్త పోస్తారు, బలం పోయేది అక్కడే. కాబట్టి కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర్నుంచి కదలొద్దు.

ఊచల కింద 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులే (ఊచను సెంట్రింగ్‌కు ఎడంగా ఉంచే దిమ్మలు) పెట్టించండి. పిక్క ముక్కలైతే తొక్కుడుకు జారి, ఊచ సెంట్రింగ్‌కు ఆనుతుంది. తర్వాత తుప్పు పట్టి పెచ్చులూడతాయి.

పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటైతే శ్లాబ్ మీద మడులు కట్టి కనీసం 10 రోజులు తడపాలి.