పంట పసుపెక్కిందా? యూరియా సంచి విప్పే ముందు ఇవి చూడండి

ఆకు కాస్త పాలిపోగానే యూరియా చల్లడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. దయచేసి ఒక్కరోజు ఆగండి. చేలోకి దిగి, పసుపు ముదురాకుల్లో మొదలైందా, చిగురులోనా అన్నది చూడండి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం తక్కువైతే మొక్క వాటిని ముదురాకుల నుంచి లాగి చిగురుకు పంపుకుంటుంది కాబట్టి కింది ఆకులే ముందు పాలిపోతాయి. ఇనుము, బోరాన్ అలా కదలవు, దెబ్బ చిగురు మీదే పడుతుంది.

పల్లిలో చిగురు పసుపు, ఈనెలు పచ్చ

నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు పల్లి వేసేవాళ్లు దీన్ని చూసే ఉంటారు. ఒక లేతాకు తెంపి ఎండకు ఎదురుగా పట్టండి, ఈనెలు పచ్చగా గీతలు గీసినట్టు ఉండి మధ్య భాగం పసుపుగా, ముదిరితే తెల్లగా కనిపిస్తే అది ఇనుము లోపమే. నేలలో ఇనుము లేక కాదు, మన ఎర్ర చల్కలకు ఆ రంగు ఇనుముతోనే వచ్చింది. సున్నం ఎక్కువున్న చోట, నీరు నిలిచిన చోట అది వేరుకు అందదు, అంతే. అందుకే ఆకు మీదే కొట్టాలి: 20 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 20 గ్రాముల నిమ్మ ఉప్పు. వారం తర్వాత చూసి అవసరమైతే మళ్లీ కొట్టండి. ద్రావణం అప్పటికప్పుడే కలపండి, తుప్పు రంగుకు మారితే పనికిరాదు. నిలిచిన నీళ్లు తీయకుండా ఎన్నిసార్లు కొట్టినా ఖర్చే.

వరిలో తుప్పు మచ్చలు

సాగర్ ఆయకట్టులో నాటిన రెండు నుంచి నాలుగు వారాలకు పైరు ఎదగక, ముదురాకుల మీద తుప్పు మచ్చలు వచ్చి, ఆకు వంచితే పటుక్కున విరిగితే జింకు లోపం. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు. పురుగుమందులు అందులో కలపొద్దు. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోలు వేయండి, డీఏపీతో మాత్రం కలిపి వేయొద్దు, రెండు మూడు రోజులు తేడా ఉండాలి.

ఒక కుదురు పీకి వేర్లు కూడా చూడండి. నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే వేర్లకు గాలి లేదని అర్థం, మడి ఆరబెట్టడమే మందు.

పత్తి ఆకు ఎరుపు

ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు, చూస్తే బాధేస్తుంది. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య ఎర్రబడితే మెగ్నీషియం లోపం: లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు, విత్తిన 45, 75 రోజులప్పుడు. అంచులు పసుపెక్కి, ఎర్రబడి, ఆకు కిందికి ముడుచుకుంటే మాత్రం వెనక్కి తిప్పండి, రసం పీల్చే పచ్చదోమ పక్కకు పాకుతూ కనిపిస్తుంది. దానికి పోషకాలతో పని లేదు.

బెట్ట తర్వాత పెద్ద వాన పడి చెట్లు ఒక్కసారిగా వడలితే ముందు నీళ్లు బయటికి తీయండి, తర్వాత లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) కొట్టండి.

ఏటా అదే లోపం వస్తుంటే ఎండాకాలంలోనే మట్టి పరీక్ష చేయించండి. పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో (కేవీకే) అడగండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు వేసిన చోట మట్టి తీయొద్దు.