మంచం పట్టిన అమ్మానాన్నలకు పుండ్లు పడకుండా: ముదిరిన ఎంఎస్‌లో పక్కకు తిప్పే పద్ధతి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్: మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే జబ్బు) ముదిరి అమ్మో నాన్నో మంచానికే పరిమితమైతే ముందు కాపాడాల్సింది చర్మాన్ని. స్పర్శ తగ్గి ఒత్తిడి వాళ్లకు తెలియదు. తెలిసినా కదల్లేరు.

సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పండి. పూర్తిగా పక్కకు పడుకోబెడితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఇంకోటి. మడమలు పరుపుకు తగలకూడదు. వాటి కింద మీ అరచెయ్యి సులువుగా దూరాలి. చంకల్లో చేతులేసి పైకి లాగొద్దు: చర్మం దుప్పటికి రాసుకుని చిట్లుతుంది, భుజం దెబ్బతింటుంది. స్లైడ్ షీట్ (ఒంటి కింద వేసే నున్నటి జారుడు గుడ్డ) వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపండి.

బిగుసుకున్న కాలిని గుంజితే ఇంకా బిగుస్తుంది. మోకాలి కింద ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి పెట్టి నిదానంగా మడవండి, పట్టు సడలేదాకా ఆగండి.

తిప్పినప్పుడల్లా నడుము కింది ఎముక, తుంటి, మడమలు చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే పాలిపోవాలి. పాలిపోకపోతే పుండు మొదలైనట్టే. ఆ వైపు పడుకోబెట్టకుండా నర్సుకు చెప్పండి. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా తెలియదు, వేడి, గట్టిదనం తడిమి చూడాలి. రుద్దడం మాత్రం వద్దు.

బిగువు ఉన్నట్టుండి పెరిగిందా? మందు చాలట్లేదనుకునే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, మెలిపడ్డ కెథటర్ (మూత్రం పోవడానికి పెట్టిన) గొట్టం చూసుకోండి. బిగువు తగ్గించే బాక్లోఫెన్ మందును సొంతంగా ఆపొద్దు, హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు.