ఓడ ఉద్యోగానికి కాగితాల సాధన – 3వ పాఠం: అయిదేళ్ల పట్టిక

గత పాఠంలో పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి ఓడ పని వివరాలు నమోదయ్యే పుస్తకం) పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూశాం. ‘పైడిరాజు’ అనే పేరు ఒకదానిలో కలిపి, మరోదానిలో ‘పైడి రాజు’ అని విడగొట్టి రాసి ఉంటే తనిఖీలో ఇద్దరు మనుషులుగా కనిపించవచ్చు. అది సరిచేయించుకునే ప్రయత్నం మొదలుపెట్టాకే ఇక్కడికి రండి.

అమెరికా రేవులకు వెళ్లే ఓడలో పనిచేయాలంటే సీ1/డీ వీసా కావాలి. దాని దరఖాస్తు పేరు డీఎస్-160. గత అయిదేళ్లలో ఎవరి దగ్గర పనిచేశారు, ఏయే దేశాలు వెళ్లారు, ఏ సోషల్ మీడియా ఖాతాలు వాడారు అని అడుగుతుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నాక తేదీలు గుర్తుచేసుకుంటే తప్పులు దొర్లుతాయి.

తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎక్కడ, ఏం పని. సీడీసీలో ఓడ ఎక్కిన, దిగిన తేదీలు నమోదై ఉంటాయి. వాటిని చూస్తూ నింపండి.

ఇప్పుడు ఖాళీలు కనిపిస్తాయి. సోంపేట, కవిటి తమ్ముళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇక్కడే. ఓడ దిగి ఏడు నెలలు కొబ్బరితోట చూసుకున్నారా? అదే రాయండి. ఖాళీ కనబడకూడదని ఏజెంటు ఇచ్చే దొంగ అనుభవపత్రం ముట్టుకోకండి. ఇంటి దగ్గర ఉండడం నేరం కాదు, లేని ఉద్యోగం చూపడమే నేరం.

ఎప్పుడైనా అరెస్టయ్యారా అనే ప్రశ్న కూడా ఉంటుంది. గట్టు తగాదాలో అరెస్టయి, తర్వాత కేసు కొట్టేసినా జవాబు ‘అవును’. తీర్పు నకలు దగ్గర ఉంచుకోండి. వీసా కోసం కావాలని అబద్ధమాడినట్టు తేలితే అమెరికా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. ఎంత కష్టపడి సంపాదించుకున్న సీడీసీ అది!

వీసా వచ్చినా రేవులో ఇష్టం వచ్చినట్టు తిరగలేరు. అక్కడి కార్మికులకు నేపథ్య తనిఖీ తర్వాత అయిదేళ్లు చెల్లే ట్విక్ అనే గుర్తింపు కార్డు ఇస్తారు. అది లేని విదేశీ నావికుడు రక్షిత ప్రాంతంలో ఎస్కార్టుతోనే నడవాలి. అయితే ఓడ నుంచి గేటు దాకా వెళ్లే ఏర్పాటుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2019లో నియమం వచ్చింది. ఎవరైనా అడిగితే కెప్టెనుకు చెప్పండి.

అభ్యాసం: పట్టికను ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. ‘ఆ సంక్రాంతికి నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, ఓడ మీద అని రాశావేమిటి?’ అని అమ్మ అడిగితే, సీడీసీ మళ్లీ తెరవండి.