విడాకుల మాట వచ్చాక ముందు చూసుకోవాల్సింది జాయింట్ అకౌంట్

లాయర్ దగ్గరికి వెళ్లేలోపే ఒకసారి బ్యాంకుకి వెళ్లి రండి. భార్యాభర్తల జాయింట్ ఖాతాలు చాలావరకు ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో ఉంటాయి. అంటే ఇద్దరిలో ఎవరైనా, రెండోవారి సంతకం లేకుండానే మొత్తం తీసేయొచ్చు. మా పిన్ని కూతురికి ఈ సంగతి బ్యాలెన్స్ సున్నా చూశాకే తెలిసింది. గొడవ ఉందని, ఇద్దరి సంతకాలు లేకుండా డబ్బు ఇవ్వొద్దని కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్తే లాభం లేదు. జీతం పడే ఖాతా మాత్రం మీ ఒక్కరి పేరు మీద వేరేగా తెరవండి.

అలాగని డబ్బంతా అమ్మ ఖాతాలోకో తమ్ముడి ఖాతాలోకో తోసేయకండి. చాలామంది ఇచ్చే సలహా ఇదే, నాకైతే అస్సలు నచ్చదు. భరణం కేసుల్లో ఆస్తులు, అప్పులు, ఆదాయం ఇద్దరూ అఫిడవిట్‌లో చూపాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. స్టేట్‌మెంట్లు బయటికొస్తే దాచినవాళ్లకే టెన్షన్. గత మూడేళ్ల స్టేట్‌మెంట్లు, ఎఫ్‌డీ రసీదులు, లాకర్‌లోని నగల ఫొటోలు ఇప్పుడే తీసిపెట్టుకోండి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం స్త్రీధనం, అది ఆమెదే. బిల్లులుంటే ఇంకా మంచిది.

విడాకులు మంజూరయ్యాక పీఎఫ్, ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్లలో నామినీ పేరు దానంతటదే మారిపోదు. ఒక్కోటీ తెరిచి మీరే మార్చుకోవాలి.