కూచిపూడి నేర్చుకున్న పిల్లలు డ్యాన్స్ కంపెనీలో చేరాలంటే ఎలా సిద్ధం కావాలి?

రంగప్రవేశం (మొదటి పూర్తి సోలో ప్రదర్శన) అయ్యాక నాట్యమే వృత్తిగా తీసుకుంటామనే పిల్లలకు దొరికే సలహా అంతా సోలో గురించే. నెలనెలా డబ్బులిచ్చి నర్తకులను పెట్టుకునే డ్యాన్స్ కంపెనీలు మన దేశంలో తక్కువ. అక్కడ కావాల్సింది నలుగురిలో కలిసి ఆడగలిగేవాళ్లు. నిజానికి కూచిపూడి పుట్టిందే మేళాల్లో, అంటే నాట్య బృందాల్లో, ఊరూరా తిరిగి భామాకలాపం ఆడిన భాగవతుల దగ్గర. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం గారూ ఎన్నో నృత్య నాటకాలు చేశారు. ఆ అలవాటును పిల్లలకు మళ్లీ నేర్పాలి.

1. ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోండి

పదహారు, పదిహేడేళ్ల వయసులోనే గురువుగారితో, ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ప్రొతిమా బేడీ 1990లో స్థాపించిన నృత్యగ్రామ్ ఒడిస్సీకి పేరుపడింది. 1936లో మొదలైన చెన్నై కళాక్షేత్ర భరతనాట్యానిది. బెంగళూరులోని అట్టక్కళరి అనే సంస్థది సమకాలీన నృత్యం. కూచిపూడి ఎంత బాగా వచ్చినా ఇలాంటి చోట శైలి మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకు మనసు ఒప్పుకుంటుందా అన్నది పిల్లలే చెప్పాలి.

2. పక్కవాళ్లతో కలిసి ఆడటం నేర్పండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి. నలుగురిని ఒక వరుసలో నిలబెట్టి, అద్దం లేకుండా ఒకే జతి (తాళానికి కట్టిన అడుగుల వరుస) చేయించండి. అందరి అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమ) ఒకే లోతులో, చేతులు ఒకే ఎత్తులో ఉండాలి. తర్వాత చోట్లు మార్చి, కుడివైపు చేసింది ఎడమవైపు చేయించండి. పక్కనున్నవాళ్లను తల తిప్పకుండా కంటి కొసతో గమనించడం ఇలాగే అలవాటవుతుంది.

ప్రతి ఒక్కరికీ తమ పాత్రతో పాటు ఇంకొకరి పాత్ర కూడా రావాలి. షో రోజు ఎవరికైనా జ్వరం వస్తే నిలబడాల్సింది వాళ్లే. కొత్త అంశం ఒక్క పూటలో నేర్పి, మర్నాడు సగం మార్చేయండి. "నిన్న ఇలా చెప్పారు కదా" అనకుండా చేయగలగాలి. తరంగం అనే అంశంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడి చప్పట్లు కొట్టించుకున్న పిల్లకు వెనక వరుస మొదట్లో బాధగానే ఉంటుంది. ఆ బాధను కొట్టిపారేయకండి, మాట్లాడండి.

3. ఒంటిని చూసుకోండి

సిమెంటు నేల మీద రోజూ గంటల తరబడి అడుగులు కొడితే మోకాళ్లు, మడమలు దెబ్బతింటాయి. వీలైతే చెక్క నేల చూసుకోండి. తొడలకు, నడుముకు బలమిచ్చే వ్యాయామం, వారానికో రోజు పూర్తి విశ్రాంతి తప్పనిసరి. సన్నబడాలని తిండి మానేయనివ్వకండి. అమ్మాయిలకు నెలసరి ఆగిపోతే అది ప్రాక్టీస్ వల్ల మామూలే అనుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

4. ఆడిషన్ వీడియో

కెమెరా కదలకూడదు, పాదాలు కనిపించాలి, మధ్యలో ఎక్కడా కట్ చేసి అతికించకూడదు. ఒక జతి, కొంచెం అభినయం చాలు. మేకప్ కంటే వెలుతురు ముఖ్యం.

5. డబ్బు సంగతి అడగండి

రిహార్సల్ రోజులకు డబ్బులిస్తారా, షోకి ఎంత, దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది, బయట ప్రోగ్రాములు చేసుకోవచ్చా అన్నవి చేరకముందే కాగితం మీద రాయించుకోండి. "నేర్చుకోవడానికి వచ్చావు కదా" అని డబ్బు మాట దాటేసే చోట పిల్లలను వదలడం నాకు ఇష్టం లేదు.

మొదటి రెండేళ్లు ఇల్లు గడవడం కష్టమే. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. గురువు దగ్గర కనీసం అయిదేళ్లు నేర్చుకుని ఉండాలి కాబట్టి, క్లాసులో చేరిన తేదీతో గురువుగారి సర్టిఫికెట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి.