పాత ద్వారబంధంతో బేస్ గిటారు ఎలా చేయాలి?

ముందే ఒక మాట. డబ్బు మిగులుతుందని బేస్ గిటారు సొంతంగా చేయాలనుకుంటే ఇక్కడే ఆగిపోండి. పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది), కీలు (తీగలు చుట్టి బిగించేవి), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనేది), తీగలు, పనిముట్లు అన్నీ లెక్కేస్తే అంగట్లో దొరికే మామూలు గిటారు కన్నా ఖర్చు ఎక్కువే అవుతుంది. మీ చేతికి, మీ వేళ్లకు సరిపోయే వాయిద్యం కావాలనుకుంటే మాత్రం ముందుకు రండి. నేను కడపలో ఉంటాను, ఆదివారాలు చర్చిలో బేస్ వాయిస్తాను. ఇప్పటికి రెండు చేశాను. మొదటిది అటక మీద ఉంది. ఎందుకో కిందికి పోయాక చెబుతాను.

ముందు కాగితం మీద

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు మోగే తీగ పొడవు 34 అంగుళాలు పెట్టాడు. ఈనాటికీ ఎక్కువ బేస్ గిటార్లది అదే కొలత. మొదటిసారి చేసేవాళ్లు దాన్నే పట్టుకోండి. నాలుగు తీగలు, ఒకే పికప్, స్క్రూలతో బిగించే నెక్ (గిటారు మెడ), దాని మీద అడ్డంగా 20 ఫ్రెట్లు (లోహపు మెట్లు) చాలు. అయిదు తీగలు, రెండు పికప్‌లు రెండో గిటారుకు ఉంచుకోండి.

కీలు, బ్రిడ్జ్, పికప్, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేయడానికి లోపల పెట్టే కడ్డీ), ఫ్రెట్ తీగ మా ఊళ్లో దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అవి చేతికి వచ్చేదాకా చెక్క కోయకండి. వాటిని నిజంగా కొలిచి, అసలు సైజులో బొమ్మ గీయండి. బొమ్మ ప్రింటు తీయిస్తే ఇంటికొచ్చి స్టీలు స్కేలు పెట్టి చూసుకోండి. ప్రింటర్లు చెప్పకుండానే నూటికి రెండు మూడు వంతులు కుదించేస్తాయి.

చెక్క

ఎర్రచందనంతో చేయవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. మన శేషాచలం, పాలకొండల చెట్టే, జపాన్‌లో షామిసెన్ వాయిద్యానికి వాడే చెక్కే. కానీ గిటారు పేరు చెప్పి జైలుకు పోవద్దు. టేకు, పనస, వేప చాలు. మన వీణలు చేసేది పనసతోనే కదా.

నాకు నచ్చింది పాత టేకు. ఇల్లు పడగొట్టేచోట ద్వారబంధాలు అమ్ముతారు. ఏళ్ల తరబడి ఎండిన చెక్క కాబట్టి వంగాల్సినంత ఎప్పుడో వంగేసి ఉంటుంది. నేను కొన్నదాని గడప దగ్గర పసుపు చెక్కలోకి ఇంకిపోయి ఉండింది, చిత్రిక పట్టినా పోలేదు. ఆ పసుపు మరక ఇప్పుడు నా గిటారు వెనక వైపు ఉంది. కావాలనే ఉంచుకున్నాను.

పాత చెక్కలో మేకులుంటాయి. సామిల్లుకు తీసుకుపోయే ముందు ఒక గట్టి అయస్కాంతం చెక్కంతా తిప్పండి. నాకు తొమ్మిది మేకులు దొరికాయి. పదోది సామిల్లాయనకు దొరికింది. ఆ బ్లేడు డబ్బులు నేనే కట్టాను.

ఇక అటక మీది గిటారు సంగతి. దాని నెక్‌కు ఒక డిపోలో కొత్త చెక్క కొన్నాను. బాగా ఎండిందన్నారు, నమ్మాను. రెండు నెలలకు మే నెల వచ్చింది. మా ఎండల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున తీసి చూస్తే నెక్ పంచె పిండినట్టు మెలి తిరిగి ఉంది. ట్రస్ రాడ్ ముందుకో వెనక్కో వంగినదాన్ని సరిచేస్తుంది గానీ మెలిని సరిచేయలేదు. అందుకే కొత్త చెక్క కొంటే రెండు చివర్లకూ ఫెవికాల్ పూసి, నీడలో గాలి ఆడేచోట ఉంచండి. నెలకోసారి తూకం వేయండి. రెండు నెలలు వరసగా తూకం మారకపోతే అప్పుడు కోయండి.

నెక్: ఇక్కడ తొందర వద్దు

బాడీలో మిల్లీమీటరు తప్పితే ఎవరికీ తెలియదు. నెక్‌లో అరమిల్లీమీటరు తప్పితే ఊరంతటికీ వినిపిస్తుంది. నాలుగు తీగలు కలిపి 70 నుంచి 80 కిలోల బలంతో నెక్‌ను లాగుతూ ఉంటాయి. ఒక మనిషి రాత్రీ పగలూ దానికి వేలాడుతున్నట్టు లెక్క.

ఒకే చెక్క బదులు మూడు పట్టీలు అతికించండి. మధ్య పట్టీని తలకిందులు చేసి పెడితే ఒకటి ఒకవైపు వంగాలని చూస్తే ఇంకొకటి ఆపుతుంది. టేకులో నూనె ఉంటుంది. అతికించే ముందు తిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు పెట్టి, క్లాంపులు బిగించి ఒక రోజు వదిలేయండి.

ఆరిన దిమ్మె మధ్యలో ట్రస్ రాడ్‌కు గాడి తీయాలి. మీ రాడ్ ఎంత వెడల్పు, ఎంత లోతు ఉంటే గాడి అంతే. వేలితో నొక్కితే దిగాలి, ఊపితే గలగలమనకూడదు. దాని మీద 6 మి.మీ. మందం రోజ్‌వుడ్ పట్టీ, అదే ఫ్రెట్‌బోర్డు. మడమ (నెక్ బాడీలో కూర్చునే కొస) దగ్గర అన్నీ కలిపి 25 మి.మీ. మందం, నట్ (తల వైపు తీగలు ఆనే పట్టీ) దగ్గర 41 మి.మీ. వెడల్పు, చివర 62 మి.మీ. రోజ్‌వుడ్ పొడి కొందరికి దురద, తుమ్ములు తెప్పిస్తుంది. మాస్కు లేకుండా గీకకండి.

ఫ్రెట్లు దిగే గాడులు మాత్రం ఫ్రెట్‌బోర్డు అతికించకముందే, బల్లపరుపుగా ఉన్నప్పుడే కోయాలి. లెక్క తేలిక. 34 అంగుళాలు, అంటే 863.6 మి.మీ.ని 17.817తో భాగిస్తే 48.47 వస్తుంది. నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు అదే దూరం. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే మొదటిదాని నుంచి రెండోదానికి దూరం, అలా చివరిదాకా కూడుకుంటూ పోవాలి. సరిచూసుకోవడానికి, నట్ నుంచి: మూడో ఫ్రెట్ 137.40, అయిదోది 216.63, ఏడోది 287.22, పన్నెండోది సరిగ్గా సగం 431.8, ఇరవయ్యోది 591.58. గుర్తులన్నీ నట్ దగ్గర నుంచే కొలవండి. ఒక ఫ్రెట్ నుంచి ఇంకో ఫ్రెట్‌కు కొలుస్తూ పోతే చిన్న తప్పులు కూడుకుని చివరికి పెద్దవి అవుతాయి. గుడ్డ టేపుతో అసలు కొలవొద్దు.

మామూలు రంపంతో కోస్తే గాడి వెడల్పు అవుతుంది, ఫ్రెట్ నిలవదు. 0.6 మి.మీ. కోసే సన్న రంపం కావాలి. ఈ ఒక్క పనిముట్టు దగ్గర పిసినారితనం చూపించకండి.

నేను వెనక భాగం గుండ్రంగా చెక్కుతుంటే మా వీధి వడ్రంగి మేస్త్రీ వచ్చి చాలాసేపు చూశాడు. "ఏమప్పా, వీణ అనుకుందామంటే బుర్ర లేదు, మంచం కోడు అనుకుందామంటే ఇంత నున్నగా గీకుతాండావు. ఏందిది?" అన్నాడు. చెప్పాను. అంతా విని, నా చేతిలో ఆకురాయి లాక్కుని, "అట్ల గాదు, ఆకు నీ దిక్కు లాగొద్దు, తోసేటప్పుడే కోస్తాది" అని పది నిమిషాల్లో నా గంట పని చేసిచ్చాడు. మీ వీధిలో అలాంటాయన ఉంటే టీ పోసి మంచి చేసుకోండి.

బాడీ

ద్వారబంధం కమ్మిని 44 మి.మీ. మందంగా కోయించి, నాలుగు ముక్కలు పక్కపక్కన అతికిస్తే బాడీకి సరిపడా పలక అవుతుంది. ఆకారం మీ ఇష్టం. పై కొమ్ము మాత్రం పన్నెండో ఫ్రెట్ దగ్గరిదాకా రావాలి. బెల్టు అక్కడే తగిలిస్తారు కాబట్టి అది పొట్టిగా ఉంటే గిటారు తల నేల చూస్తుంది. టేకు బరువు కూడా. వెనక పొట్ట తగిలేచోట లోతుగా చెక్కేస్తే నడుముకు కాస్త సుఖం.

నెక్ కూర్చునే గుంట 16 మి.మీ. లోతు. రౌటర్‌తో (గుంటలు, గాడులు తీసే మెషీన్) ఒకేసారి లోతుకు దిగకండి, మూడు నాలుగు దఫాలుగా తీయండి. స్క్రూలు లేకుండా నెక్ గుంటలో పెట్టి, నెక్ పట్టుకుని పైకి లేపితే బాడీ కూడా లేవాలి. అంత బిగువు. ఆ తర్వాత 45 మి.మీ. స్క్రూలు నాలుగు. ముందు సన్న బెజ్జం వేసి, స్క్రూకు కొంచెం కొవ్వొత్తి మైనం రుద్ది బిగించండి. పాత టేకులో బెజ్జం లేకుండా తిప్పితే స్క్రూ తల విరిగి చేతిలోకి వస్తుంది.

బ్రిడ్జ్ బిగించే ముందు దారం పరీక్ష చేయండి. అటూ ఇటూ చివరి కీలకు రెండు దారాలు కట్టి, నట్ మీదుగా బ్రిడ్జ్ దాకా లాగి పట్టండి. రెండు దారాలూ ఫ్రెట్‌బోర్డు అంచులకు సమాన దూరంలో ఉంటేనే గుర్తు పెట్టండి. సన్న జి తీగ శాడిల్‌ను (బ్రిడ్జ్‌లో తీగ ఆనే, ముందుకూ వెనక్కూ జరిగే ముక్క) దాదాపు పూర్తిగా ముందుకు తెచ్చి, అది నట్ నుంచి 34 అంగుళాల మీద ఉండేట్టు బ్రిడ్జ్ పెట్టాలి. లావు తీగల శాడిల్స్ కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి పోవాల్సి వస్తుంది, చోటుండాలి.

పికప్ బ్రిడ్జ్ దగ్గరికి జరిపితే శబ్దం బిగువుగా, నెక్ వైపు జరిపితే గుండ్రంగా వస్తుంది. నేను బ్రిడ్జ్‌కు 14 సెం.మీ. దూరంలో పెట్టాను.

రంగు, పాలిష్ గురించి పెద్దగా చెప్పను. 120 నుంచి 320 నంబరు ఉప్పుకాగితం దాకా రుద్ది, చపడా పాలిష్ పలచగా పది కోట్లు వేశాను. గాలి దుమారం రోజు వేయకండి.

ఫ్రెట్లకు కడప బండ

ఫ్రెట్లు కొట్టాక వాటి తలలన్నీ ఒకే మట్టానికి రావాలి. దీనికి ఖరీదైన పనిముట్లు అమ్ముతారు. మా ఊళ్లో ఆ ఖర్చు దండగ. పాలిష్ పట్టిన కడప బండ ముక్క, రెండు అంగుళాల వెడల్పు, అడుగు పొడవు, బండల అంగడిలో కోసిస్తారు. స్టీలు స్కేలును దాని మీద నిలబెట్టి వెనక టార్చి వేసి చూడండి. వెలుతురు ఎక్కడా దూరకపోతే ఆ బండ పనికొస్తుంది. దూరితే ఇంకో ముక్క అడగండి.

ట్రస్ రాడ్ తిప్పి నెక్ తిన్నగా చేసుకోండి. ఫ్రెట్ల తలల మీద మార్కర్‌తో నల్లగా పూయండి. బండకు 400 నంబరు కాగితం అతికించి, చెయ్యి బరువు వేయకుండా నెక్ పొడవునా తోయండి. ఎత్తుగా ఉన్న ఫ్రెట్ల మీద నలుపు ముందు పోతుంది. అన్నిటి మీదా సన్నటి వెండి గీత పడగానే ఆపేయండి. తర్వాత తల గుండ్రంగా రావడానికి సన్న ఆకురాయి.

వైరింగ్

ఒక వాల్యూమ్, ఒక టోన్, రెండూ 250కే (250 కిలో ఓమ్‌ల) పాట్‌లు, అంటే తిప్పే నాబ్‌ల కింద ఉండేవి. పికప్ సిగ్నల్ వైరు వాల్యూమ్ పాట్ ఒక చివరకు, మధ్య కాలి నుంచి జాక్ కొనకు, మూడో కాలు ఎర్త్‌కు. వాల్యూమ్ మొదటి కాలి నుంచే టోన్ పాట్‌కు ఒక వైరు, అక్కడి నుంచి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా ఎర్త్. బ్రిడ్జ్ కిందకు ఒక వైరు లాగి దాన్నీ ఎర్త్‌కు కలపండి. నేను మర్చిపోయాను. ఆంప్‌కు పెట్టగానే తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద.

తీగలు ఎక్కించాక

45–105 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగల మందం) ఎక్కించి ఇ, ఎ, డి, జి శ్రుతి చేయండి. లావు ఇ తీగ 41 హెర్ట్జ్ చిల్లర. ఫోన్ స్పీకరులో అది దాదాపు వినపడదు కాబట్టి, వీడియో తీసి చూసుకుని దిగులు పడకండి.

ఒక రాత్రి వదిలేసి, మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా తీగను నొక్కి పట్టండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద 0.3 మి.మీ. సందు ఉండాలి, అంటే సుమారు ఒక విజిటింగ్ కార్డు మందం. ఎక్కువుంటే రాడ్ బిగించండి, తక్కువుంటే వదులు చేయండి. ఒక్కసారికి పావు తిప్పు మాత్రమే. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 2 నుంచి 2.5 మి.మీ.

ఇక స్వరం. పన్నెండో ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి మోగించండి, తర్వాత నొక్కి మోగించండి. ట్యూనర్‌లో నొక్కినది ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకు.

మొదటి ఎండాకాలం వచ్చేసరికి నెక్ పక్కన చెయ్యి పెడితే ముళ్లలా గుచ్చుకోవచ్చు. ఫ్రెట్లు పెరగలేదు, చెక్క ఎండి ముడుచుకుంది. అంచులకు టేపు అంటించి, బయటికొచ్చిన కొసలు మాత్రం సన్న ఆకురాయితో రుద్దండి. మేస్త్రీ చెప్పినట్టు, తోసేటప్పుడే.