గడ్డి మిషన్ స్టార్ట్ చేసే ముందు చేలో ఒక చుట్టు తిరగండి

ఒంగోల్లోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటూ, కలిగిరి పక్కనో పొదిలి పక్కనో రెండెకరాలు కొని నిమ్మ మొక్కలు పెట్టినవాళ్లకు అసలు పరీక్ష నవంబరులో మొదలవుతుంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు గట్టి వానలు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడతాయి. ఒక వాయుగుండం పోయాక రెండు వారాలు చేను ముఖం చూడకపోతే, ఆ తర్వాత గడ్డిలో మొక్కలు వెతుక్కోవాల్సిందే. అప్పుడు ఫోన్లో వీడియోలు చూసి గడ్డి కోసే మిషన్, అదే బ్రష్ కట్టర్, కొంటారు. కొనండి. కాకపోతే కొన్నరోజే దాన్ని భుజానికి తగిలించుకోకండి, ముందు ఒక కర్ర పట్టుకుని చేనంతా నడవండి.

నడిచేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది డ్రిప్పు పైపులు. ఆ 16 ఎంఎం పైపు గడ్డి కింద దాక్కుంటే అసలు కనపడదు, బ్లేడు తగిలినా మిషన్ మోతలో చప్పుడు తెలియదు. మా బావమరిది ఒక సాలు మొత్తం కోసుకుంటూ పోయి, శుభ్రంగా ఉందని ఫోటోలు కూడా తీసి ఇంట్లో గ్రూపులో పెట్టాడు. సాయంత్రం మోటరు వేస్తే ఎక్కడికక్కడ నీళ్లు పైకి చిమ్ముతున్నాయి. పక్క చేను పెద్దాయన గట్టు మీద నిలబడి "ఏం సారూ, స్ప్రింక్లర్లు పెట్టించారా?" అని అడిగాడు. అందుకని కోయకముందే పైపుల్ని మొక్కల మొదళ్ల దగ్గరికి జరిపేయండి, నాలుగు జాయినర్లు జేబులో వేసుకోండి. గడ్డిలో మోటరు వైరు పడి ఉందేమో చూడండి, ఉన్నా లేకపోయినా స్టార్టర్ దగ్గర ఫ్యూజులు తీసేశాకే పని మొదలుపెట్టండి. ఇక్కడ నవ్వులాట లేదు. పాత చీర ముక్కలు, కొబ్బరి తాళ్లు, కంచె తీగలు కూడా ఏరేయండి, అవి మిషన్ తలకు చుట్టుకుంటే విప్పడానికే పూట గడిచిపోతుంది.

తర్వాత మిషన్ తలకు నైలాన్ వైరు పెట్టాలా, బ్లేడు పెట్టాలా అన్నది. గరిక, మెత్తటి గడ్డికి నైలాన్ వైరు చాలు. కాడ ముదిరిన కలుపుకి బ్లేడు. సర్కారు తుమ్మకి రెండూ పనికిరావు, పైన నరికితే మళ్లీ గుబురుగా లేస్తుంది కాబట్టి వేరుతో పెకలించాల్సిందే. మొక్క చుట్టూ అడుగు మేర మాత్రం మిషన్ పోనివ్వకండి, కొడవలితోనే కోయండి. వైరు తగిలి మొదట్లో బెరడు చుట్టూ ఊడిపోతే, ఆకులు చేసే ఆహారం వేరుకి దిగదు. మొక్క వెంటనే చావదు, కొన్నాళ్లు పచ్చగానే నిలబడి తర్వాత ఎండుతుంది. ఈలోపు ఓనరు గారు నర్సరీవాడితో పోట్లాడి కూడా వచ్చేసి ఉంటారు.

పెట్రోలు సంగతి. మీది టూ స్ట్రోక్ అయితే పెట్రోల్లో టూటీ ఆయిల్ కలపాలి. ఎంతన్నది మిషన్ పుస్తకంలో ఉంటుంది: 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. "బండికి పోసేదే కదా" అని పనికొచ్చిన కుర్రాడు ఉత్త పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, కాబట్టి కలిపిన డబ్బా మీద పెయింటుతో పెద్దగా రాసి పెట్టండి. ఫోర్ స్ట్రోక్ అయితే కలిపే పని లేదు, ఆయిల్ విడిగా పోస్తారు.

లుంగీతో దిగకండి. ప్యాంటు, గట్టి బూట్లు, కళ్లద్దాలు ఉండాల్సిందే, ఆ కళ్లద్దాలు రాళ్ల కోసమే అనుకునేరు, గడ్డిలో గేదె పేడ కూడా ఉంటుంది. వైరు తగిలిందంటే మొహం నిండా అదే, అందుకే కోస్తూ మాట్లాడొద్దని మా ఊళ్లో గట్టిగా చెప్తారు. పదిహేను మీటర్ల లోపు ఎవర్నీ రానివ్వకండి, ఫోటోలు తీసే ఇంట్లోవాళ్లని కూడా. బ్లేడు సాధారణంగా పైనుంచి చూస్తే ఎడమవైపుకి తిరుగుతుంది కాబట్టి కుడి నుంచి ఎడమకు ఊపుతూ కోస్తే, గడ్డి కోసిన వైపే పడుతుంది. చుట్టూ కోసుకుంటూ లోపలికి పోవద్దు, పాములన్నీ చివరికి మధ్యలో మీ కాళ్ల దగ్గరే చేరతాయి. ఒక పక్క నుంచి మొదలుపెట్టి వాటికి పోయే దారి వదలండి. మన మెట్ట చేలల్లో రక్తపింజరి ఉంటుంది. కరిస్తే కట్లు కట్టడం, కోయడం చేయకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి పోవాలి.

చేను నున్నగా కనపడాలన్న సరదా మానుకోండి. గరికను కాస్త ఉంచితే గట్లు కోసుకుపోవు. వయ్యారిభామను పూత రాకముందే గ్లౌజులు వేసుకుని పీకాలి. తుంగను మిషన్‌తో కోయడమంటే దానికి క్రాఫు చేయించినట్టే, గడ్డలు భూమిలో ఉన్నంత కాలం వారం తిరిగేసరికి మళ్లీ తయారు.

ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే గొర్రెలవాళ్లకు కబురు పెట్టండి, మూతి మీదా కళ్ల చుట్టూ నల్లటి మచ్చలుండే మన జోడిపి గొర్రెలు సాళ్ల మధ్య గడ్డి మేసేస్తాయి, రాత్రికి మంద పెట్టించుకుంటే ఎరువు కూడా మిగులుతుంది. గడ్డిమందు కొట్టిన చేలో మాత్రం ఆ మాటే ఎత్తొద్దు. లేత మొక్కలకు ముందే కంచె వేయించండి, ఇంకా మందను లోపలికి తోలే ముందు గేటు దగ్గర నిలబడి అందులో మేకలెన్ని ఉన్నాయో చూసుకోండి. "రెండే సారూ, పాల కోసం" అంటాడు. ఆ రెండూ ముందు కాళ్లు ఎత్తి నిమ్మ చిగుళ్లన్నీ అందుకుంటాయి, వాటిని బయటే కట్టేయించండి.